పెద్దమ్మ రాసిన ‘లేదు’

గురువారం మధ్యాహ్నం, గల్ఫ్‌లో మేముండే దార్సైట్‌లో స్కూలు బస్సు దిగేసరికి అమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. ఆ వేళకి తను డ్యూటీలో ఉండాలి. “పెద్దమ్మ పోయింది” అని మాత్రం అంది. జబ్బు పేరు ఎత్తలేదు. చుట్టూ మనవాళ్ళు ఉన్నారు.

మన ప్రార్థన కూడికకి వచ్చేవాళ్ళందరూ ఆమెను నొప్పి తెలియకుండా సూది వేసే నర్సుగా ఎరుగుదురు. నాకు మాత్రం ఆమె అనుమానాల మనిషి. తేదీ చూడనిదే పాల డబ్బా మూత తీయదు. రక్తం తీసిన ట్యూబు మీద పేరు రెండుసార్లు సరిచూస్తుంది. “మొదటిసారి చూసేది కన్ను, రెండోసారి చూసేది బుర్ర” అనేది.

అలాంటి మనిషి తన విషయంలో అబద్ధం రాసింది. కొన్నేళ్ళ కిందట చెకప్‌కి వెళ్ళినప్పుడు, కుటుంబంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉందా అన్నచోట ‘లేదు’ అని నింపింది. ఆ కాగితం వీసా మెడికల్‌కి పోతుందని, కాంట్రాక్టు పొడిగించరని భయం. మా అమ్మమ్మ కడుపునొప్పితో పోయిందని నాకు చెప్పేవాళ్ళు. అదీ అబద్ధమే.

ఈ రెండూ పెద్దమ్మే బయటపెట్టింది, మూడో కీమో అయ్యాక. నేను మంచం పక్కన బయాలజీ చదువుతున్నాను. ‘జన్యు వ్యక్తీకరణ’ అన్న మాట కొత్తగా దొరికి, పదేపదే పైకి అంటున్నాను.

“అంటే ఏంటే?”

“జన్యువు ఎంత ఎక్కువగా, ఎంత తక్కువగా పనిచేస్తుందో అది, పెద్దమ్మా.”

“సెలైన్ లాగన్నమాట. సీసా ఒకటే. ట్యూబు మీది చక్రం ఎంత తిప్పామన్నదే తేడా. నాది మా అమ్మే తిప్పి పంపిందేమో.”

డాక్టరు చెప్పిందీ దాదాపు అదే. పుట్టుకతో వచ్చే తేడాల్లో కొన్ని జన్యువునే పాడుచేస్తాయి. కొన్ని దాని పని జోరును మారుస్తాయి, ఆ మార్పు కణితిలోనూ కనబడవచ్చు. తేడా ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరదు. కానీ తెలిస్తే కనిపెట్టుకుని ఉండొచ్చు.

అందుకే పెద్దమ్మ అమ్మ వెంట పడింది. “ఆ జన్యు పరీక్షకి రక్తం ఇచ్చి రావే.”

“ఎవరెవరు చూస్తారో అక్కా. వచ్చే నెలే వీసా రెన్యూవల్.”

“వీసా రక్తం వేరు, ఇది వేరు. నర్సువి, నీకు నేను చెప్పాలా?”

“నర్సుని కాబట్టే భయం. కాగితాలు ఎటు పోతాయో చూస్తున్నా కదా.”

“కాగితాన్ని అనుమానించు తల్లీ, మంచిదే. నేను నా ఒంటిని కూడా అంతే అనుమానించి ఉంటే, ఇంకో నాలుగేళ్ళు నిన్ను తిడుతూ బతికేదాన్ని.”

అమ్మ వెళ్ళలేదు. రెన్యూవల్ అయిపోయింది. అయినా వెళ్ళలేదు.

పెద్దమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూడికలో ఎవరో ఏం జబ్బని అడిగితే అమ్మ “జ్వరం” అంది. ఇంటికొచ్చాక నేను ఉండబట్టలేక అడిగేశాను. “అమ్మమ్మది కడుపునొప్పి, పెద్దమ్మది జ్వరం. నీది ఏమని చెప్పమంటావు?”

అమ్మ కొట్టలేదు. తిట్టలేదు. ఆదివారం డ్యూటీకి సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని ఆ పరీక్షకి రక్తం ఇవ్వడానికి వెళ్ళింది. ఫారంలో అమ్మమ్మ గురించీ, అక్క గురించీ తన చేత్తోనే రాసింది. రిపోర్టు ఇంకా రాలేదు. ఆ కాగితం ఎవరి బల్ల మీద ఉందోనని అమ్మకు ఇప్పటికీ అనుమానమే. ఇదంతా ఆమెను అడిగే రాస్తున్నాను.

ఆరోజు రక్తం ఇచ్చి ఆసుపత్రి బయటికొచ్చేసరికి ఎండ మండిపోతోంది. కారు చాలా దూరంలో ఉంది. అమ్మ దూది జారకుండా ఒక మోచెయ్యి మడిచి పెట్టుకుని, రెండో చేత్తో తన చున్నీ నా తలమీదికి పట్టి, కారు దాకా అలాగే నడిచింది.