రెక్కలకు చాలిన గుడ్డ

ఏ పనీ చివరిదాకా చెయ్యనని మా అమ్మకు నా మీద పాత ఫిర్యాదు. అందుకే ఈ ఒక్క బొమ్మ జంతువునైనా పూర్తిచేసి తీరాలని పంతం పట్టాను. ఆ పంతమే కొంప ముంచింది.

ఫోనులో వీడియోలు చూసి మొదలుపెట్టాను. లోకంలో లేని జంతువు అది. మొసలి మూతి, కొంగ మెడ, బయటికి పొడుచుకొచ్చిన పీత కళ్లు, గబ్బిలం రెక్కలు. మా పుట్టిల్లు సముద్రం ఒడ్డున ఓడలరేవు కాబట్టి పీత కళ్లు మాత్రం ఏ వీడియో చూడకుండానే చేశాను. స్లాబు పనిలో ఇనుప చువ్వలు కట్టే సన్నతీగను రెండు పేటలుగా మెలిపెట్టి ఎముకలు చేశాను. తలకూ గోళ్లకూ గాలికి ఆరిపోయే మట్టి. మెడ దగ్గర, మోకాళ్ల దగ్గర మట్టి పెట్టకూడదు, పెడితే వంచగానే పెళుక్కున విరుగుతుంది. అక్కడ దూది చుట్టి గుడ్డ తొడగాలి. ఈ సంగతి తెలిసేసరికి మూడు కాళ్లు విరగ్గొట్టాను. ఈ దెయ్యానికి అన్నం కూడా నేనే వండాలా అని మా అత్తగారు నవ్వేవారు.

మా అత్తవారిది ఆత్రేయపురం. అత్తగారు పూతరేకులకు రేకులు తీస్తారు. పొయ్యి మీద బోర్లించిన కుండ, పల్చగా కలిపిన బియ్యప్పిండి. అందులో గుడ్డ ముంచి కాలిన కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. పెళ్లయి నాలుగేళ్లయినా నేను ఆ పొయ్యి దగ్గర పట్టుమని పది నిమిషాలు కూర్చోలేదు. పొద్దున్నే బస్సెక్కి అమలాపురం ఆఫీసుకు పోతే మళ్లీ చీకటి పడ్డాకే రావడం.

రెక్కల దగ్గర నా పని ఆగిపోయింది. ఏ గుడ్డ తెచ్చినా మందమే, ముడిస్తే ముడుచుకోదు. ఒక ఆదివారం పాతచీరల సంచి తిరగేస్తే అడుగున ఒక తెల్ల గుడ్డ దొరికింది. వెలుతురుకు పట్టుకుంటే కిటికీ ఊచలు కనిపించేంత పల్చన. ఇంకేం, సరిగ్గా మధ్యకు కత్తిరించాను. తీగల మీద జిగురు రాసి అతికించి, చుట్టూ కుట్టాను. రెక్కలు విప్పితే విచ్చుకున్నాయి, ముడిస్తే ముడుచుకున్నాయి. గదిలో ఒక్కదాన్నే గంతులేశాను.

మర్నాడు అత్తగారు ఆ సంచి ముందు కూర్చుని వెతుకుతున్నారు. జ్వరంతో పది రోజులు కుండ ఎక్కించలేదు. ఇప్పుడు వెనక వీధి ఆవిడ కూతురి సీమంతానికి రేకులు కావాలి, ఇంక మూడు రోజులే ఉన్నాయి.

"అమ్మాయ్, ఇందులో నా గుడ్డ చూసేవా?" అన్నారు.

నేను కత్తిరించింది రేకులు తీసే గుడ్డని. ఆ గుడ్డను ఎప్పుడూ పిండిలో తడిసి ఉండగానే చూశాను. ఉతికి, ఆరబెట్టి, ఎలుకలు కొట్టకుండా దాచిన గుడ్డను గుర్తుపట్టలేదు. ఇది సాకేనని నాకూ తెలుసు. బల్ల మీది బొమ్మ వైపు చూపించాను. ఆవిడ వచ్చి రెండు వేళ్లతో ఒక రెక్క విప్పి చూశారు. తిట్టలేదు. నాలుగు తిట్టి ఉంటే ప్రాణం కాస్త కుదుటపడేది. అది వాళ్ల అత్తగారు రేకులు తీసిన పాత పంచె అట. ఇద్దరి చేతుల్లో ఏళ్ల తరబడి నానీ అరిగీ అలా తయారైందట. కొత్తది దారికి రావాలంటే రెండేళ్లయినా పడుతుందన్నారు.

ఆఫీసుకు సెలవు పెట్టాను. రెక్కలు ఊడదీసి, జిగురు పోయేదాకా వేడినీళ్లలో నానబెట్టి, ఒక్కో ముక్క కుండకు చాలదు కాబట్టి కంటికి కనపడనంత సన్నగా రెండు ముక్కలూ కలిపి కుట్టాను. ఏం లాభం? లాగిన ప్రతి రేకూ ఆ కుట్టు వెంటే చిరిగింది. పరుగున అమలాపురం వెళ్లి దొరికినవాటిలో పల్చటి మల్లు గుడ్డ తెచ్చాను. దాంతో రేకు అప్పడమంత మందంగా వచ్చింది. జ్వరం తగ్గిన మనిషి రెండు రోజులు ఆ పొగలోనే కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని పొయ్యిలోకి కొబ్బరాకులు తోస్తూ ఉన్నాను. అంతకుమించి నాకేం చేతనవును?

మూడో రోజు వెనక వీధి ఆవిడ వచ్చేశారు.

"పిన్నిగారూ, రేకులయ్యేయాండి?"

అత్తగారు నా వైపు చూడలేదు. "ఏమనుకోకండి. జ్వరం పడ్డాక చెయ్యి వణుకుతోందండి. ఇంక మానేసేను," అన్నారు.

ఆవిడ అయ్యయ్యో అంటూ పక్కన కూర్చుని అత్తగారి చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నారు. చెప్పాలి, గుడ్డ కత్తిరించింది నేనేనని అప్పుడే చెప్పాలి. నేను పొయ్యిలో బూడిద ఎత్తుతూ ఉండిపోయాను. ఆవిడ చేతుల్లో ఆ చెయ్యి ఒక్క క్షణం నిలకడగా ఉంది. తర్వాత అత్తగారు దాన్ని కావాలని కొంచెం వణికించారు.