ప్లేట్ల గదికి చేరని పేజీలు

ఆ ప్రెస్సులో నెట్‌వర్క్ పని చూసే పెద్దాయన ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, రౌటర్ ఎదురుగా కుర్చీలోనే పోయారు. తల పక్కకు వాలి ఉంటే కునుకు తీస్తున్నారనుకుని, బైండింగ్ మేస్త్రీ తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. తరువాత ఆ సంగతి కనబడిన వాళ్లందరికీ చెప్పుకుని బాధపడేవాడు.

ఆయన స్థానంలోకి కోడలు వచ్చింది. ఆమెకు ఆ పని నేర్పింది ఆయనే. కాపురానికి వచ్చిన కొత్తలో పాడైన కంప్యూటర్ ఒకటి ముందు పెట్టి, విప్పి చూడమన్నారు. ఆ తరువాత పాత రౌటర్లు రెండు తెచ్చి వంటింటి గట్టు మీద పరిచారు. కూర తరుక్కోవడానికి చోటు లేకుండా చేశారని అత్తగారు సణిగేది. మామా కోడళ్లు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటుంటే, మీ ఇద్దరిదీ ఏ దేశపు భాషో అని ఎత్తిపొడిచేది.

చేరిన రోజే ఆమెకు ఒక సంగతి తెలిసింది. డిజైన్ గది నుంచి, అచ్చు ప్లేట్లు తయారుచేసే ప్లేట్ల గదికి పేజీలు వెళ్లడం లేదు. అక్కడ అచ్చయ్యేవి అట్లాసులు, పెద్ద పెద్ద ఫొటోల పుస్తకాలు. పేజీ పంపగానే దాని పేరు అవతలి కంప్యూటర్‌లో కనబడుతుంది, తెరిస్తే లోపల ఏమీ ఉండదు. చిన్న చిన్న సందేశాలు మాత్రం చక్కగా వెళ్తున్నాయి. బయటి నుంచి వచ్చిన మెకానిక్ కేబుళ్లు మార్చి, లైట్లన్నీ వెలుగుతున్నాయిగా అని వెళ్లిపోయాడు. గత్యంతరం లేక అందరూ పేజీలను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మెట్లెక్కి దిగుతున్నారు.

ఇదంతా పెద్దాయన పోయిన రోజు నుంచే. అందుకని ఆయన గది వదల్లేదనీ, పేజీలను పట్టి ఆపుతున్నది ఆయనేననీ ప్రెస్సంతా గుసగుసలు. ఆమెతో పనున్నవాళ్లు గుమ్మం బయటే నిలబడి మాట్లాడి పోయేవారు.

ఆమె నవ్వి కొట్టిపారేయాలనుకుంది. కానీ ఆ కుర్చీలో కూర్చోలేకపోయింది. సీటు ఒకవైపుకు కుంగి, ఆయన ఇప్పుడే లేచి వెళ్లినట్టు ఉండేది. దాన్ని గోడ పక్కకు జరిపి, స్టూలు వేసుకుంది. తను ఏదైనా తప్పు కొడితే వెనక నిలబడి గొంతు సవరించుకోవడం ఆయన అలవాటు. ఇప్పుడు ఒక్కో అక్షరం కొడుతూ ఆ సవరింపు కోసం చెవులు రిక్కించేది. వినబడలేదు. అయినా వీపు మీద చూపు ఉన్నట్టే ఉండేది, వెనక్కి తిరగడానికి ధైర్యం చాలేది కాదు.

ఆ పుకారు మేస్త్రీ భార్య ద్వారా అత్తగారి చెవిన పడింది. సాయంత్రం కోడలు చెప్పులు విప్పుతుండగానే ఎదురొచ్చింది.

"ఆయన అక్కడే తిరుగుతున్నారటగా. ఏం కావాలో కనుక్కో."

"అవన్నీ గాలి మాటలు అత్తయ్యా."

"గాలి మాటలే కావచ్చు. నీకైతే చెప్తారేమో. నాకెప్పుడూ ఏదీ చెప్పింది లేదు."

కోడలికి అన్నం సహించలేదు. మర్నాడు వెళ్లగానే రౌటర్ నుంచి ప్లేట్ల గదికి పరీక్షగా డేటా పంపడం మొదలుపెట్టింది. చిన్న పొట్లం పంపితే వెంటనే జవాబు వచ్చింది. సైజు పెంచుతూ పోయింది. ఒకచోట జవాబు ఆగిపోయింది. తప్పని చెప్పే ఎర్ర అక్షరాలు లేవు, తిప్పి పంపినట్టు గుర్తూ లేదు. పంపింది ఏమైందో తెలియదు.

అప్పుడు రౌటర్‌లోనూ, దారిలోని మిగతా పరికరాల్లోనూ సెట్టింగులు తీరిగ్గా చదివింది. డేటా వెళ్లే పొట్లాన్ని ఫ్రేమ్ అంటారు. పెద్ద పేజీలు త్వరగా చేరాలని పెద్దాయన, పోయిన రోజు పొద్దునే ఆ ఫ్రేముల సైజు పెంచారు. రౌటర్‌లో పెంచారు, డిజైన్ గదిలో పెంచారు, ప్లేట్ల గది కంప్యూటర్‌లోనూ పెంచారు. దారిలో, ప్లేట్ల గది గోడకున్న, కేబుళ్లను కలిపే స్విచ్ పెట్టె మాత్రం పాత సైజులోనే ఉంది. పెద్ద ఫ్రేము వస్తే అది నోరెత్తకుండా పారేస్తోంది. దాని సైజు మార్చాలంటే ఆపి, మళ్లీ ఆన్ చేయాలి. అందుకే ఆ రోజు మిషన్లు ఆగే భోజనాల వేళ దాకా ఆయన కాచుకుని కూర్చున్నారు.

ఒక్క వరుస కొడితే సరిపోతుంది. కొట్టకుండానే ఇంటికి వచ్చేసింది.

అత్తగారు అంతా విని, పొయ్యి కట్టేసి కింద కూర్చుంది.

"ఆవేళ భోజనానికి రమ్మని ఫోన్ చేశాను. ఒక్కటే మిగిలింది, ముగించుకుని వస్తానన్నారు. ఆ ఒక్కటీ ఏంటా అని ఇన్నాళ్లూ కొట్టుకుంటున్నాను. నా విషయమేమైనా అనుకున్నాను."

కోడలు ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది.

మరుసటి రోజు ఇద్దరూ కలిసి వెళ్లారు. ఎవరూ ముట్టని ఆ కుర్చీని అత్తగారే గోడ దగ్గర నుంచి లాక్కుని, కుంగిన వైపుకే ఒరిగి కూర్చుంది. భోజనాలకు మిషన్లు ఆగాయి.

"మార్చేయనా అత్తయ్యా?"

ఆవిడ తెర వంక చూసింది. "మార్చేస్తే ఇంక ఆయన పనేం ఉండదు కదూ ఇక్కడ?"

"ఉండదు."

అత్తగారు కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది. తరువాత, "మార్చు. ఎంతసేపని కూర్చుంటారు" అంది.

కోడలు మార్చింది. స్విచ్ ఆరి, వెలిగింది. కాసేపటికి ప్లేట్ల గదిలోంచి ఎవరో, సముద్రాల పటం వచ్చేసిందని కేకేశారు.

ఆ తరువాత పేజీలు ఆగలేదు. మేస్త్రీ కూడా ఇప్పుడు గదిలోపలికే వచ్చి మాట్లాడుతున్నాడు. కోడలికి వీపు మీద చూపు లేదు. ఎక్కడైనా తప్పు కొట్టి, కావాలనే దిద్దకుండా కాసేపు ఆగుతుంది. రౌటర్ ఫ్యాను హోరు తప్ప ఏమీ ఉండదు.

సాయంత్రం ఇంటికి రాగానే అత్తగారు రోజూ ఒక్కటే అడుగుతుంది, ఇవాళ ఏమైనా ఆగాయా అని. ఏవీ ఆగలేదని చెప్తే తల ఊపి, లోపలికి వెళ్లి దీపం వేయకుండా కూర్చుంటుంది.