ముస్తాబై కూర్చునే మనిషి

పడవ మీద అందరూ అతన్ని పెళ్లికొడుకు అనేవారు. ఓడల కింద పనికి ఒక డైవర్ దిగితే, ఏదైనా అయితే వెంటనే దూకడానికి ఇంకొకడు పైన సిద్ధంగా ఉండి తీరాలి. ఆ ఇంకొకడు ఇతనే. రబ్బరు సూటు, సీసపు బెల్టు, నడుముకు తాడు అన్నీ తగిలించుకుని, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చునేవాడు. పదకొండేళ్లుగా కూర్చోవడమే తప్ప ఒక్కసారీ దూకే పని పడలేదు.

"బావా, ముహూర్తం ఇంకా ఎంతసేపు?" అని రోజూ ఏడిపించేవాడు బావమరిది. నీళ్లలోకి దిగేది అతనే. అతని తాడు పట్టుకునేది వాళ్లక్క, అంటే పెళ్లికొడుకు పెళ్లాం. "కూర్చుని జీతం తీసుకునే మనిషిని నిన్నొక్కణ్నే చూశా" అని ఆమే ఓ మాట విసిరేది. కానీ పొద్దున్నే అతని సూటు జిప్పు తనే లాగి చూసేది.

ఆ రోజు ఓ సరుకు ఓడ ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న పాత చేపల వల కోయాలి. ఓడ ఇంజిన్‌కు తాళం వేయించి, తాళంచెవి డైవింగ్ పని చూసే మేస్త్రీ జేబులో పడ్డాకే బావమరిది దిగాడు. ఇరవై నిమిషాలకు అతని హెల్మెట్‌లోని ఫోను మూగబోయింది. ఫోను పోతే పని ఆపి పైకి రావాల్సిందే. అక్క తాడును నాలుగుసార్లు లాగింది, వచ్చెయ్యమని. జవాబుగా నాలుగు రావాలి. ఒక్కటే వచ్చింది, అదీ మెత్తగా.

"తాడు కదులుతోందిగా, బాగానే ఉన్నాడు. కాసేపు చూద్దాం" అన్నాడు ఓడ ఆఫీసరు.

"అది మా తమ్ముడి గుంజు కాదండీ, నీళ్ల గుంజు."

ప్రవాహం లాగిన తాడును మనిషి జవాబు అనుకుని ఊరుకున్న పాపం ఈ పనిలో ఎందరి ప్రాణాలు తీసిందో ఆమెకు తెలుసు. మళ్లీ నాలుగు లాగింది. మళ్లీ అదే మెత్తదనం. భర్త వైపు తలైనా తిప్పకుండా "వెళ్లు" అంది.

అతను హెల్మెట్ బిగించడం, మేస్త్రీ సరేనని అతని భుజం తట్టడం, దూకడం అన్నీ నిమిషంలోపే! చల్లటి నీళ్లు తగలగానే ఒళ్లు ఝల్లుమంది. భయంతో పాటు ఎక్కడలేని హుషారు. బావమరిది తాడు వెంటే పెళ్లికొడుకు చరచరా దిగిపోయాడు.

ప్రొపెల్లర్ నుంచి విడిపోయిన వల బావమరిదిని చేతులతో సహా చుట్టేసి ఉంది. అద్దం వెనక కళ్లు ఇంతింత చేసుకుని చూస్తున్నాడు. పెళ్లికొడుకు కత్తి తీయబోయి ఆగాడు. ముందు బావమరిదికి ఊపిరందించే గాలి గొట్టం వలలో ఎటు పోయిందో తడిమి, ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాతే కత్తి. ఎడమచేతిలోని గొట్టానికి తగలకుండా వలంతా పరపరా కోశాడు. చేతులు విడిపడగానే బావమరిది అతన్ని వాటేసుకున్నాడు.

ఇద్దరూ పైకొచ్చేసరికి పడవంతా కేకలు, ఈలలు. అక్క మాత్రం ఇంకా తాడు పట్టుకునే ఉంది. వాళ్ల కాళ్లు చెక్కల మీద ఆనాక మేస్త్రీ అన్నాడు, "ఇక వదిలెయ్యమ్మా."

"వేళ్లు రావట్లేదు" అంది.

తాడు మీద బిగుసుకుపోయాయి. మొగుడూ తమ్ముడూ చెరో వైపు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో వేలూ విప్పారు. ఆఖరి వేలు విడిపడ్డాక ఆమె బావురుమంది.