వానక్క పుస్తకంలో పదకొండు గీతలు

వానక్క దొంగ లెక్కలు కంప్యూటరుకు దొరికిపోయాయని, ఆఫీసు వాళ్లు కారేసుకొచ్చి ఇల్లు సోదా చేశారని వీధంతా కోడై కూస్తోంది. వచ్చింది ఒక్క ఆడపిల్ల. ఆమె సోదా చేసిందల్లా ఒక గ్లాసు టీ, రెండు బిస్కెట్లు.

జరిగింది ఇదీ. వాతావరణ కేంద్రంలో వానక్కది వాన కొలిచే ఉద్యోగం. ముప్పై ఏళ్లపాటు పొద్దున ఎనిమిదిన్నరకల్లా, ఆవరణలోని డబ్బాలో చేరిన నీటిని గాజు కొలతలో పోసి, కంటికి ఎదురుగా పట్టుకు చూసి, పుస్తకంలో ఎక్కించేది. పెళ్లికి పిలిచినా ఆ పని అయ్యాకే వచ్చేది. ఆ పేరు అలా వచ్చిందే.

ఇప్పుడు ఆ పాత పుస్తకాలన్నీ కృత్రిమ మేధకు నేర్పుతున్నారట. గడిచిన వానలు తెలిస్తేనే కదా, రాబోయే ఏళ్లలో వానలూ ఎండలూ ఎలా మారతాయో అది చెప్పగలిగేది! నేర్చుకుంటూ నేర్చుకుంటూ అది వానక్క పుస్తకం దగ్గర ఆగింది. వరుసగా పదకొండు రోజులకు అంకె లేదు, అడ్డగీతలున్నాయి. పరిశోధన చేసే ఆ పిల్ల ఫోన్ చేసి, "మీ పుస్తకాల గురించి మాట్లాడాలండీ, వస్తాను" అనగానే వానక్కకు ఆ గీతలే గుర్తొచ్చాయి. పదకొండు రోజుల కోసం ముప్పై ఏళ్లూ అవతల పారేస్తారేమోనని రెండు రోజులు ముద్ద దిగలేదు.

పిల్ల గడప దాటగానే వానక్క తానే అందుకుంది. "తప్పు నాదేనమ్మా. మా అమ్మ ఆస్పత్రిలో ఉంటే పనికి వెళ్లలేదు. నా బదులు చూసేవాళ్లు లేరు."

"అయ్యో, తప్పేంటండీ! చాలాచోట్ల మానేసిన రోజుకి సున్నా వేసేశారు. యంత్రం అది నమ్మి, వానాకాలం నడిమధ్యన చుక్క పడలేదని నేర్చుకుంది. మీ గీతలు చూశాకే, మిగతా పుస్తకాల్లో మానేసిన రోజులే లేవేమని మాకు అనుమానమొచ్చి ఆ సున్నాలు వెతికి పట్టుకున్నాం. మీ ముప్పై ఏళ్లూ ఉంటాయి. థాంక్స్ చెబుదామనే ఇంత దూరం వచ్చాను."

వానక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. గోడ మీంచి చూసినవాళ్లకు అంతే కనబడింది, మిగతాది వాళ్లే అల్లేసుకున్నారు.

ఎదురింటి పిన్ని మాత్రం ఉండబట్టలేక వచ్చి, జరిగిందంతా విని నేరుగా అడిగేసింది. "ఏమే, పదకొండు సున్నాలు చుట్టేస్తే నీ సొమ్మేం పోయేదే? ఎవడు చూడొచ్చాడు?"

"చుట్టేద్దామనే కూర్చున్నాను పిన్నీ," అంది వానక్క. "అప్పుడే తనిఖీకి వచ్చిన మా పెద్దసారు పెన్ను లాక్కున్నాడు. 'పడిందో లేదో చూశావా?' అన్నాడు. లేదన్నాను. సెలవు చెప్పకుండా మానేసినందుకు చెడామడా తిట్టి, గీతలు తానే గీసి సంతకం పెట్టాడు. ఆ పిల్ల థాంక్స్ నాకు చెప్పి వెళ్లింది గానీ, అది ఆయనకి చేరాల్సింది. ఆయన ఇల్లెక్కడో రేపు కనుక్కుందాం, వస్తావా?"