గేటు దాకా వచ్చిన కెప్టెన్

మా కాలేజీ ఆస్ట్రేలియా ఆదివాసులైన అబొరిజినల్ పిల్లల కోసం పెట్టింది. మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లోని మా ఇంటి నుంచి గంట ప్రయాణం. నేనక్కడ లెక్కల మాస్టారిని. క్రికెట్ తప్ప మరో ఆట తెలియని గుంటూరువాణ్ణి. అయినా ఫుటీ అనే ఇక్కడి ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లల టీముకి వ్యాన్ నడిపే పని నా నెత్తిన పడింది. మొదట విసుక్కున్నాను. నెల తిరిగేసరికి మ్యాచుల్లో అందరికంటే గట్టిగా అరుస్తున్నది నేనే!

కెప్టెన్ పన్నెండో క్లాసు. చదువంటే బద్ధకం. "సీజన్ అయిపోయాక ఇంకెందుకు సర్ కాలేజీకి?" అనేది. పరీక్షలు రాయకుండా పోతే ఊరుకోనని రోజూ పోట్లాడేవాణ్ణి. "సరే బాబూ, మీరు రమ్మన్నంత కాలం వస్తా," అని చివరికి ఒప్పుకుంది.

ఓడుతూ మొదలైన టీము గెలుస్తూ గెలుస్తూ ఫైనల్‌కి చేరింది. ఆ వారమే ఆమెను పెంచిన నాయనమ్మ పోయింది. కెప్టెన్ లేకుండా మేం ఆడం అన్నారు పిల్లలు. ఎంత బతిమాలినా లీగ్ వాళ్ళు మ్యాచ్ వాయిదా వెయ్యలేదు. ఆడకుండానే ఓడిపోయాం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో మనిషి పోతే పండగలే మానుకుంటామే, ఆట ఒక లెక్కా!

అంత్యక్రియలయ్యాక నేనూ మా ఆవిడా పలకరింపుకి వెళ్ళాం. వచ్చినవాళ్ళంతా ఆ పిల్లను కావలించుకుని, మళ్ళీ కలుద్దామని చెప్పి వెళుతున్నారు. చావింట్లో వెళ్ళొస్తామని మనం చెప్పం కదా. తల వంచుకుని లేచి వచ్చేశాను. ఆమె గేటు దాకా వచ్చి "సర్" అంది. "మాట్లాడకుండా రండి," అంది మా ఆవిడ మెల్లగా. కారెక్కాం. పద్ధతిగా నడుచుకున్నామనే అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె కాలేజీకి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. దుఃఖంలో ఉందిలే అని కొన్నాళ్ళు ఊరుకున్నాను. చివరికి వాళ్ళ ఆంటీ ఎత్తింది.

"మీరు కాలేజీకి రమ్మంటారని గేటు దాకా వచ్చింది. మీరు బై కూడా చెప్పలేదు. ఫైనల్ పోయిందని సర్‌కి నా మీద కోపం అనుకుంది," అంది.

ఫోన్ ఆ పిల్లకి ఇప్పించి మా ఆచారమంతా చెప్పాను. చెబుతూ ఏడ్చేశాను. "రా తల్లీ, పరీక్షలకింకా టైముంది," అన్నాను.

"పళ్ళ ప్యాకింగ్ షెడ్‌లో పనికి చేరిపోయా సర్," అంది. తనే మళ్ళీ, "మా ఇంట్లోనూ పోయినవాళ్ళ పేరు పలకం. మీకూ ఇలాంటివి ఉంటాయని ఒక్కసారి చెప్పుంటే నాకు అర్థమయ్యేది కదా," అంది.

షిఫ్టుకి టైమైందని ఫోన్ పెట్టేసింది.