మంగమ్మ దరఖాస్తు

దెయ్యం పట్టిందంటూ మనుషుల్ని తీసుకొచ్చేవాళ్ళతో పోట్లాడి, డాక్టరు దగ్గరికి పంపించడమే నా పని. అలాంటిదాన్ని, నాకు దెయ్యాల మీద నమ్మకమేమిటి? ఇది మాత్రం నా చేతుల మీదుగానే జరిగింది.

నరసరావుపేటలో నిరాశ్రయుల వసతి గృహానికి నేను వార్డెన్ని. బస్టాండులో తిరుగుతున్న ఒకామెను తీసుకొచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. మందులతో కుదుటపడింది కానీ నోరు విప్పలేదు. పొద్దస్తమానం ఒళ్ళో లేని మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చునేది.

ఆమెలాంటివాళ్ళు మళ్ళీ వీధిన పడకుండా అద్దె, మందులు ప్రభుత్వమే భరించే గదులు మంజూరయ్యాయి. దరఖాస్తులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా కంప్యూటర్ తీసుకోదు. గది రాకపోతే ఆమె మళ్ళీ బస్టాండుకే. పేరే తెలియని మనిషికి తండ్రి పేరు ఎక్కడి నుంచి తేను?

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫారం ముందేసుకుని కూర్చున్నాను. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. ఎదురుగా ఆమె వేళ్ళు కదులుతున్నాయి. నిద్రో మెలకువో తెలియని మగతలో గదంతా మిరప ఘాటు నిండినట్టయింది. కళ్ళు తుడుచుకుని చూస్తే గడులన్నీ నిండి ఉన్నాయి. చేతిరాత నాదే. మంగమ్మ. తండ్రి కోటయ్య. ఊరు క్రోసూరు. కవల అక్క లింగమ్మ.

క్రోసూరులో నేనెప్పుడూ కాలు పెట్టలేదు. అయినా తెగించి పంపేశాను. విచారణకు అధికారులు క్రోసూరుకే రాశారని తెలిశాక అన్నం సహించలేదు. నా ఉద్యోగం పోతే పోయింది, ఆమె గది పోతుందే అని ఏడ్చాను.

నాలుగో రోజు మధ్యాహ్నం గుమ్మంలో ఆమే నిలబడి ఉంది. బయటికెప్పుడు వెళ్ళిందా అనుకుంటూ లోపలికి చూశాను. ఆమె లోపలే, తన చోటనే కూర్చుని ఉంది.

"మా మంగ ఈడుందని రాసిందెవరమ్మా?" అంది గుమ్మంలో మనిషి. "పన్నెండేళ్ళు ఎతికాం. మీకెట్టా తెలిసింది?"

నేను గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాను. లింగమ్మ వెళ్ళి చెల్లెలి పక్కన కూర్చుంది. మంగమ్మ వేళ్ళు ఆగిపోయాయి.

"మా రేకుల కొట్టంలో పెట్టుకుని దీనికి మందులేడ కొననమ్మా? ఆ గదేందో ఇప్పించండి" అంది లింగమ్మ కళ్ళు ఒత్తుకుంటూ.

గది వచ్చింది. అక్క వారం వారం వచ్చి చూసి వెళుతోంది. మంగమ్మ నిద్రలో ఏదో అని ఉంటుంది, మీరు విని ఉంటారు అన్నారు డాక్టరు గారు. ఆ ఎనిమిది నెలల్లో ఆమె గొంతు ఎవరూ వినలేదు. నాకిప్పటికీ అంతుపట్టదు.

ఇప్పుడు మంగమ్మ ఖాళీ చేసిన మంచం మీద ఒక పెద్దావిడ ఉంది. ఈవిడ పేరూ తెలియదు. గడువు ఈ నెలాఖరు. రోజూ భోజనాలయ్యాక ఫారం ముందేసుకుని ఆవిడ ఎదురుగా కూర్చుంటున్నాను. ఏమీ రావడం లేదు.