మేడమీద ఎండబెట్టిన వీరుల పుస్తకం

తొంభైలలో, ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంట్లు కడుతున్న రోజుల్లో, మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక తెల్లదొర విల్లాకు నేను డ్రైవర్‌ని. కడప జిల్లావాణ్ణి, కోపం ముక్కుమీదే ఉండేది. మా దొర కోపం అరచేతిలో ఉండేది. కారు అద్దం మీద మరక కనిపిస్తే నా మెడ మీద ఒక్కటిచ్చేవాడు. ఒకసారి చాయ్ చల్లారిందని కప్పుతో సహా వంట చేసే అక్క మొహాన కొట్టాడు. అక్కది కోనసీమ. నుదురు చిట్లి రక్తం కారుతుంటే కొంగుతో అద్దుకుని మళ్ళీ చాయ్ పెట్టింది. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

ఆ ఇంట్లో దొర మెత్తగా ముట్టుకునేది ఒక్కదాన్నే, తాతలనాటి పుస్తకాన్ని. వాళ్ళ దేశపు రాజుగారు ఎప్పుడో పెట్టిన వీరుల సంఘానికి నియమాల పుస్తకం అది. తోలు కాగితాల మీద చేత్తో రాసి, బంగారు పూతతో బొమ్మలు వేశారు. విందుకొచ్చినవాళ్ళకు దొర ఒక్కో బొమ్మా చూపించి అర్థం చెబుతుంటే గుమ్మం దగ్గర నిలబడి నేనూ వినేవాణ్ణి. ఆడవాళ్ళను, దిక్కులేనివాళ్ళను కాపాడతామని వీరులు ఒట్టు వేసేవారట. ఒక బొమ్మలో రాజుగారి వంటవాడు మాంసం నరికే కత్తి పట్టుకుని కొత్త వీరుడికి ఎదురుగా నిలబడ్డాడు. ఒట్టు తప్పినవాడి మడమలకున్న బంగారు ముళ్ళు, గుర్రాన్ని అదిలించేవి, నరికెయ్యడం అతని పనట. దొర నవ్వుతూ అక్కను వంటింట్లోంచి పిలిపించి ఆ బొమ్మ చూపించాడు. రాజుల పుస్తకంలో వంటమనిషికి చోటుందని ఆవిడ ఎంత మురిసిపోయిందో.

ఆ మురిపెమే కొంప ముంచింది. ఆగస్టు ఉక్కకు పుస్తకానికి బూజు పట్టింది. వానలు వెళ్ళగానే పట్టుచీరలు, పెళ్ళినాటి బైబిలు ఎండలో పెట్టడం అక్క ఇంటి ఆనవాయితీ. దొర డ్యూటీకి వెళ్ళాక పుస్తకాన్ని మేడమీద తెల్ల దుప్పటిపై విప్పి పరిచింది. ఖతార్ ఎండ కోనసీమ ఎండ కాదు, అందులోనూ అది తోలు. మధ్యాహ్నానికి పేజీలు అప్పడాల్లా ముడుచుకుపోయాయి, బంగారం పెచ్చులుగా రాలిపోయింది.

ఆ రోజు దొర తొందరగా ఇంటికొచ్చాడు. నేను కారు షెడ్డులో పెడుతుంటే మేడమీంచి అక్క అరుపు వినిపించి పరిగెత్తాను. దొర చేతికర్రతో గొడ్డును బాదినట్టు బాదుతున్నాడు. ఆ పిచ్చిది దెబ్బలు పుస్తకానికి తగలకుండా దాని మీదికి వంగి ఉంది. ముక్కు రక్తం బొమ్మల మీద కారుతోంది. తలకు చెయ్యి అడ్డం పెట్టుకుంది, కర్ర దిగింది, ముంజేతి ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కర్ర లాక్కుని దొర మూతి మీద గుద్దాను. పన్ను ఊడింది. కింద పడేసి, గుండెల మీద కూర్చుని గొంతు పట్టుకున్నాను. చంపేసేవాణ్ణే. అక్క మంచి చేత్తో నా జుట్టు పట్టి వెనక్కి లాగింది.

అక్కను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, అక్కడ ఏం చెబుతుందోనని దొర కూడా కారెక్కాడు. తను కొట్టినట్టు అక్క చెబితే, నేను కొట్టినట్టు పోలీసులకు చెప్పి జైల్లో కుళ్ళబెడతానన్నాడు. నేను స్టీరింగ్ మీంచి చూపు తిప్పకుండా తెలుగులో అన్నాను.

"చెప్పుక్కా. నేను జైలుకు పోతా. వీణ్ణి మాత్రం ఇడిసిపెట్టొద్దు."

ఆసుపత్రిలో డాక్టరు ఏం జరిగిందని అక్కను హిందీలో అడిగాడు. మేడ మెట్ల మీద జారానని, తనను పట్టుకోబోయి దొర కూడా పడి పన్ను విరగ్గొట్టుకున్నాడని వచ్చీరాని హిందీలో చెప్పింది. దొరకు హిందీ రాదు. డాక్టరు ఆయన వైపు తిరిగి, పనిమనిషి కోసం ఇంత చేసేవాళ్ళు ఎక్కడుంటారని ఇంగ్లీషులో మెచ్చుకున్నాడు. దొర ఒక్క క్షణం అక్కను చూశాడు. తర్వాత థాంక్యూ అన్నాడు.

నా పిడికిలి మళ్ళీ బిగుసుకుంది. చేతికి కట్టు కట్టించుకుంటూనే అక్క నా చొక్కా గుప్పెట్లో పట్టుకుంది.

"ఊరుకో తమ్ముడూ. నా ఎముక అతుక్కుంటాదిలే. నువ్వు లోపలికెళ్తే మీ ఆవిడ బతుకెవరు అతుకుతారు?"

నాకు ఏడుపొచ్చింది. వాణ్ణి ఇంకో దెబ్బ కొట్టలేకపోయినందుకు వచ్చిన ఏడుపది.